తెల్లవారితే ఎర్త్ ఫాల్ట్, పది దాటితే మామూలే: ఐడీ ఫ్యాన్ డ్రైవ్‌లో ఎఫ్ 0016

పర్లాకిమిడి మిల్లు ఎలక్ట్రీషియన్

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఎలక్ట్రికల్ పని చూస్తాను. బాయిలర్ పొగని బయటికి లాగే ఐడీ ఫ్యాన్‌కి 30 హెచ్‌పీ మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే 22 కిలోవాట్ల ఏబీబీ ఏసీఎస్ 550 డ్రైవ్ ఉంది. కిందటి వేసవి దాకా ఈ ఫ్యాన్ మామూలు స్టార్-డెల్టా స్టార్టర్ మీదే నడిచింది. డ్రైవ్ పెట్టాక వానాకాలమంతా మిల్లు పెద్దగా నడవలేదు కాబట్టి ఏమీ తెలియలేదు. ఇప్పుడు ఖరీఫ్ ధాన్యం మొదలయ్యాక పట్టుకుంది.

తెల్లవారుజామున ఐదింటికి బాయిలర్ ఆయన ఫ్యాన్ స్టార్ట్ చేద్దామని వెళ్లేసరికి ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది. ఎఫ్ 0016, ఎర్త్ ఫాల్ట్, అంటే కరెంటు భూమిలోకి కారుతోందని. రీసెట్ కొడితే పోతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. ఎనిమిది, తొమ్మిది దాకా ఇదే తంతు. పది దాటాక ఒక్క రీసెట్‌తో తిరగడం మొదలుపెట్టి రాత్రి దాకా ఒక్కసారి కూడా ఆగదు. పది దాకా స్టీమ్ లేకపోతే వడ్లు ట్యాంకులోనే పులిసిపోతాయని షావుకారు గారు నా మీద మండిపడుతున్నారు.

విశాఖ నుంచి సర్వీస్ ఆయన్ని పిలిపించాం. ఆయన వచ్చేసరికి మధ్యాహ్నమైంది, డ్రైవ్ శుభ్రంగా తిరుగుతోంది. చూసి, ఇది లోపల బోర్డు ప్రాబ్లం, మార్చాలి అన్నారు. చెప్పిన రేటుకి ఇంకొంచెం కలిపితే కొత్త డ్రైవే వస్తుంది.

మోటారులో చెమ్మ చేరిందేమో అనిపించింది. ఇక్కడ ఈ నెలల్లో మంచు బాగా పడుతుంది, పొద్దున్నే మోటారు బాడీ ముట్టుకుంటే తడి తగులుతుంది. రాత్రంతా మోటారు పక్కన హాలోజన్ లైటు పెట్టి ఉంచాం. అయినా వచ్చింది. మల్టీమీటర్‌తో మూడు ఫేజులకీ బాడీకీ మధ్య చూస్తే ఓపెన్ చూపిస్తోంది.

నా ప్రశ్నలు రెండు. బోర్డు మార్చాలా? లేక డ్రైవ్ సెట్టింగుల్లో 3017 పారామీటర్‌తో ఎర్త్ ఫాల్ట్ చూడడమే ఆఫ్ చేసేయొచ్చా? ఎవరైనా చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జయపురం వైండింగ్ షాప్

అన్నా, 3017ని 0 చేసెయ్. ఈ డ్రైవులకి చాదస్తం ఎక్కువ. అదే మోటారు స్టార్-డెల్టా మీద ఇన్నేళ్లు తిరిగింది కదా, అప్పుడు లేని ఎర్త్ ఫాల్ట్ ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? మా దగ్గర ఒక మిల్లులో అలాగే ఆఫ్ చేసి పెట్టాం, హాయిగా నడుస్తోంది. సీజన్ అయ్యాక తీరిగ్గా మోటారు మా షాపుకి పంపు, వార్నిష్ కొట్టి ఇస్తాం.

రాయగడ రిటైర్డ్

జయపురం తమ్ముడూ, ఆ సలహా వెనక్కి తీసుకో. 3017ని 0 చేయడమంటే ఏడుస్తున్న పిల్లాడి నోరు మూసి ఊరుకున్నాడని అనుకోవడమే. బాయిలర్ దగ్గర నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. మనిషి చెప్పుల్లేని కాళ్లతో వచ్చి డ్యాంపర్ పట్టుకుంటాడు. అక్కడ ఎర్త్ ఫాల్ట్ చూసే కన్ను మూసేస్తావా? డ్రైవ్ వైపు నుంచి చూసినా నష్టమే. లీకేజి కాస్తా రేపు షార్ట్‌గా మారితే పోయేది ఔట్‌పుట్‌లో కరెంటుని స్విచ్ చేసే ఐజీబీటీలు. 3017 ఆపితే వారంటీ కూడా పోవచ్చని మాన్యువల్‌లోనే రాసి ఉంది.

స్టార్-డెల్టా మీద తిరిగింది అంటున్నావు. తిరగకేం చేస్తుంది? ఓవర్‌లోడ్ రిలే చూసేది ఫేజుల్లో పోయే కరెంటు. 40 ఆంపియర్లు పోయే చోట కొన్ని మిల్లీ ఆంపియర్లు భూమిలోకి కారితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. లీకేజి అప్పుడూ ఉండి ఉండొచ్చు, చెప్పేవాడు లేడు, అంతే.

ఇక పర్లాకిమిడి బాబూ. ఎంతో వివరంగా రాశావు, సంతోషం. కానీ కావలసింది ఒకటి లేదు. కోడ్ వచ్చిన క్షణంలో డ్రైవ్ ఏం చేస్తోంది, తిరుగుతోందా, ఊరికే నిలబడి ఉందా? ఏసీఎస్ 550 ఈ ఎర్త్ ఫాల్ట్‌ని రెండు సందర్భాల్లోనూ వెతుకుతుంది. నిలబడి ఉన్నప్పుడు చేసే పరీక్ష మరీ సున్నితంగా ఉంటుంది, అప్పుడప్పుడు ఉత్తినే కూడా అరుస్తుంది. అందుకే నిలబడి ఉన్నప్పటి పరీక్షని మాత్రం ఆపుకోవడానికి 3023 అని వేరే పారామీటర్ ఇచ్చారు. పొడవాటి కేబుల్ ఉండి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌లో అంతా బాగుందని తేలాక ఎవరైనా దాన్ని వాడితే నేను తప్పు పట్టను. మెగ్గర్ ముట్టకుండా వాడితే మాత్రం పడతాను.

రేపు పొద్దున్న కోడ్ రాగానే గ్రూప్ 04 తెరిచి రాసుకో. 0401 చివరి ఫాల్ట్. 0404 అప్పటి స్పీడు, 0405 ఫ్రీక్వెన్సీ, 0406 డీసీ వోల్టేజి, 0407 కరెంటు. 0412, 0413లో అంతకుముందు వచ్చిన కోడ్లు ఉంటాయి. ఇవి చూడకుండా బోర్డు పోయిందని చెప్పినాయన మాట కాసేపు పక్కన పెట్టు.

ఇంకొకటి. ఏ రోజు వచ్చిందో అందరూ చెబుతారు. నాకు ఏ రోజు *రాలేదో* కావాలి. బాయిలర్ లాగ్‌బుక్ ఉంటుంది కదా, తిరగెయ్యి.

స్టార్-డెల్టా మోటారు అన్నావు. అంటే ప్యానెల్ నుంచి మోటారుకి రెండు కేబుళ్లు పోయి ఉండాలి. డ్రైవ్ పెట్టినప్పుడు ఒకటే వాడి ఉంటారు. రెండోది ఏం చేశారు? మోటారు దగ్గర పాత పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ ఏమైనా మిగిలిపోయిందా? ఉంటే ఇవాళే తీసెయ్. డ్రైవ్ ఔట్‌పుట్ వైపు కెపాసిటర్ ఉండకూడదు.

పర్లాకిమిడి మిల్లు ఎలక్ట్రీషియన్

గురువుగారూ, అడిగినవన్నీ చూశాను.

కోడ్ వచ్చినప్పుడు 0405లో 0.0, 0407లోనూ 0.0. 0406లో 590 దరిదాపుల్లో ఉంది. అంటే ఎవరూ స్టార్ట్ నొక్కకముందే వస్తోంది. 0412, 0413లో కూడా 16 తప్ప ఇంకో కోడ్ లేదు.

కెపాసిటర్ లేదు, డ్రైవ్ పెట్టినప్పుడే తీసేశారు. రెండు కేబుళ్ల మాట నిజమే. పాత స్టార్టర్ బాయిలర్ గోడకే ఉండేది. అక్కడ ఊక దుమ్ము ఎక్కువని డ్రైవ్‌ని కొంచెం దూరంగా, తలుపున్న గదిలో పెట్టారు. ఒక కేబుల్‌కి జాయింట్ వేసి ఆ గది దాకా పొడిగించారు. రెండోది పాత స్టార్టర్ ఉన్న చోటే చుట్ట చుట్టి గోడకి వేలాడుతోంది. ఆ జాయింట్ వేసినప్పుడు నేనింకా ఇక్కడ చేరలేదు.

లాగ్‌బుక్ తిరగేశాను. మండీ నుంచి ధాన్యం బండ్లు రాని రోజుకి మర్నాడు మాత్రం ఒక్కసారీ రాలేదు. మొదట ఫ్యాన్ తిప్పలేదేమో అనుకున్నాను, కానీ డ్రైయర్ కోసం బాయిలర్ ఆ రోజుల్లోనూ వెలిగించారు. ఐదింటికే ఫ్యాన్ స్టార్ట్ అని బాయిలర్ ఆయన రాసి ఉన్నాడు. మంచు కూడా అలాగే ఉంది. నాకేమీ అర్థం కావడం లేదు. బండ్లకీ డ్రైవ్‌కీ సంబంధం ఏమిటండీ?

గుణుపురం మిల్లర్

నేను ఎలక్ట్రికల్ మనిషిని కాను, మిల్లు నడిపేవాణ్ణి. అయినా ఒక మాట అడుగుతాను. బండ్లు రాకపోతే ఆ రాత్రి వడ్లు నానబెట్టరు కదా. నానబెట్టిన రోజు ట్యాంకు నీళ్లు ఎన్నింటికి వదులుతారు? మా దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి వదిలి, ఆ వెంటనే స్టీమ్ పెడతాం. ఆ నీళ్లు పోయే కాలవ పక్కనే మీ కేబుల్ ట్రెంచ్ ఉందేమో చూడండి. మా మిల్లులో అలాగే ఉండేది. నీళ్లు నిండి, పలక పైకి లేచి, ఒకసారి కుర్రాడి కాలు అందులో పడింది.

రాయగడ రిటైర్డ్

మిల్లరు గారూ, దండం. నేను ఇంకో రెండు పోస్టులు తిరిగి అక్కడికి వచ్చేవాణ్ణి. నా సర్వీసంతా కాగితం మిల్లులోనే గడిచింది, అక్కడ నీళ్లు లేని చోటంటూ లేదు. కాబట్టి మీ మాట మీద నాకు నమ్మకం కుదిరింది. కానీ నమ్మకంతో ట్రెంచ్ తవ్వకూడదు. ముందు కొలవాలి.

బాబూ, పని ఇలా చెయ్యి. కోడ్ ఉన్నప్పుడే చెయ్యి, అంటే ఐదింటికే. పది దాటాక కొలిస్తే నీకూ సర్వీస్ ఆయనకి దొరికినట్టే అంతా బాగానే దొరుకుతుంది.

డ్రైవ్‌కి సప్లై ఇచ్చే బ్రేకర్, ఎంసీసీబీ ఆపి తాళం వెయ్యి. ఐదు నిమిషాలు ఆగు. లోపలి కెపాసిటర్లు ఖాళీ కావాలి. ఆగాక కూడా నమ్మకుండా యూడీసీ ప్లస్, మైనస్ మధ్య మీటర్ పెట్టి సున్నాకి వచ్చిందని చూసుకో. డ్రైవ్ దగ్గర మోటారుకి పోయే యూ2, వీ2, డబ్ల్యూ2 విప్పు. వైర్లు విడివిడిగా గాలిలో ఉంచి డ్రైవ్‌కి పవర్ ఇవ్వు. రన్ ఇవ్వకు. నీ ఫాల్ట్ నిలబడి ఉన్నప్పుడే వస్తోంది కాబట్టి రన్‌తో పని లేదు. 16 మళ్లీ వస్తే డ్రైవ్‌దే తప్పు, బోర్డు మాట అప్పుడు మాట్లాడుకుందాం. రాకపోతే డ్రైవ్ నిర్దోషి.

తర్వాత మళ్లీ పవర్ ఆపి, మోటారు టెర్మినల్ బాక్స్‌లో కూడా కేబుల్ విప్పు. ఇప్పుడు కేబుల్ రెండు వైపులా విడిగా ఉంది, మోటారు విడిగా ఉంది. 500 వోల్టుల మెగ్గర్‌తో ముందు మోటారు, తర్వాత కేబుల్ ఒక్కో ఫేజు ఎర్త్‌కి కొలువు. కేబుల్ మీది ఇనప తొడుగు, ఆర్మర్‌కి కూడా చూడు. డ్రైవ్‌కి కేబుల్ తగిలించి ఉంచి మెగ్గర్ తిప్పావంటే ఆ సర్వీస్ ఆయన చెప్పిన బోర్డు మాట నువ్వే నిజం చేసినవాడివి అవుతావు. ఒక మెగోమ్‌కి తగ్గితే పనికిరాదు. బాగున్న కేబుల్ వందల్లో చూపించాలి.

మల్టీమీటర్ ఓపెన్ చూపించిందన్నావు. దాని బ్యాటరీ ఎన్ని వోల్టులు? డ్రైవ్ నుంచి ఆ కేబుల్‌లోకి పోయే పల్సులు ఎన్ని వోల్టులు? 415 వోల్టుల సప్లై మీద డీసీ బస్ 587 చుట్టూ ఉంటుంది, నీ 0406లో చూశావు కదా. తడిసిన టేపు తొమ్మిది వోల్టులకి నిలబడుతుంది. దానికి నిలబడదు.

జయపురం వైండింగ్ షాప్

సరే పెద్దాయనా, 3017 మాట వెనక్కి తీసుకున్నాను. మా దగ్గర ఆఫ్ చేసిన మిల్లుకి రేపు మెగ్గర్ పట్టుకుని వెళ్తాను. పర్లాకిమిడి అన్నా, టెర్మినల్ బాక్స్ ఎలాగూ తెరుస్తున్నావు కాబట్టి కేబుల్ లోపలికి దూరే గ్లాండ్ లోపల ఎలుకలు ఏమైనా చేశాయేమో చూడు. రైస్ మిల్లు మోటార్లలో మాకు వచ్చే సగం కేసులు అవే. తవుడు వాసనకి వచ్చి ఇన్సులేషన్ కొరుకుతాయి.

పర్లాకిమిడి మిల్లు ఎలక్ట్రీషియన్

అందరికీ దండాలు. ఇవాళ పొద్దున్నే చేశాను.

నాలుగున్నరకి ట్యాంకు నీళ్లు వదిలారు, ఐదు కాకముందే 16 వచ్చింది. కేబుల్ విప్పి పవర్ ఇచ్చి అరగంట వదిలేశాను. కోడ్ రాలేదు. అప్పుడే సగం బరువు దిగింది.

మోటారు 80 మెగోమ్‌లు. ఎలుకలు లేవు, ఒక బల్లి ఉంది. కేబుల్ మాత్రం యూ ఫేజు 6, వీ ఫేజు 5, డబ్ల్యూ ఫేజు 0.15 మెగోమ్. అదే కేబుల్‌ని విప్పి అలాగే ఉంచి పదకొండింటికి మళ్లీ కొలిస్తే డబ్ల్యూ ఫేజు 4 చూపించింది. అందుకేనండీ మధ్యాహ్నం వచ్చిన ఆయనకి ఏమీ దొరకలేదు.

మిల్లరు గారు చెప్పినట్టే, కాలవ గోడకి ఒక చోట సిమెంటు ఊడి, నీళ్లు ట్రెంచ్‌లోకి దిగుతున్నాయి. పలక తీయగానే నానబెట్టిన వడ్ల పులుపు వాసన గుప్పుమంది. జాయింట్ సరిగ్గా ఆ పల్లంలోనే ఉంది. పైన మామూలు నల్ల టేపు, కింద అల్యూమినియం తీగల మీద తెల్లటి పొడి. నీళ్లు దూరకుండా వేసే హీట్ ష్రింక్ లేదు, రెజిన్ లేదు. ఆర్మర్ కూడా అక్కడ తెగి ఉంది, రెండు ముక్కలని కలపలేదు.

షావుకారు గారికి చూపించాను. బోర్డు ఆర్డర్ ఆపేశారు. ఇప్పుడు అదే జాయింట్‌ని కిట్‌తో మళ్లీ వేయమంటున్నారు. వేయమంటారా?

రాయగడ రిటైర్డ్

వద్దు. నీళ్లలో పడుకోబెట్టే జాయింట్ ఎంత బాగా వేసినా నాకు ఇష్టం ఉండదు. నీ దగ్గర గోడకి వేలాడే రెండో కేబుల్ ఉంది కదా. అది పాత స్టార్టర్ చోటి నుంచి మోటారు దాకా ఒక్క ముక్కే. పొద్దున్నే, నీళ్లు వదిలాక దాన్ని మెగ్గర్ చెయ్యి. బాగుంటే దాన్నే వాడు. పాత స్టార్టర్ ఉన్న చోట గోడ మీద ఛాతీ ఎత్తులో ఒక జంక్షన్ బాక్స్ పెట్టు, దుమ్ము పోనిది. అక్కడి నుంచి డ్రైవ్ గది దాకా కొత్త కేబుల్, గోడ మీద ట్రేలో. గ్లాండ్లు రెండు వైపులా సరిగ్గా బిగించు. ఆర్మర్‌ని బాక్స్ దగ్గర కలుపు, రెండు చివరలా ఎర్త్ చెయ్యి. మోటారు బాడీ నుంచి డ్రైవ్ ఎర్త్ టెర్మినల్ పీఈకి వేరే ఎర్త్ వైరు కూడా వెయ్యి. ఆర్మర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

మోటారు లింకులు డెల్టాలోనే ఉన్నాయో లేదో బాక్స్ మూసే ముందు ఒకసారి చూడు. కేబుల్ మార్చాక ఫ్యాన్ తిరిగే దిశ కూడా చూసుకో. ఉల్టా తిరిగే ఐడీ ఫ్యాన్ గాలి లాగుతున్నట్టే కనిపిస్తుంది, కానీ డ్రాఫ్ట్ సరిపోదు, బాయిలర్ ఆయన ఊకని తిడతాడు.

కాలవ సిమెంటు పని షావుకారు గారితో ముందు చేయించు. అది చేయకపోతే రెండో కేబుల్ కూడా ఆ నీళ్లలోనే కదా.

పర్లాకిమిడి మిల్లు ఎలక్ట్రీషియన్

రెండో కేబుల్ మూడు ఫేజులూ 200 పైనే. బాక్సూ గ్లాండ్లూ టెక్కలిలో దొరికాయి, పాతపట్నం బస్సులో వచ్చేశాయి. నిన్న బిగించాం. ఇవాళ నీళ్లు వదిలినప్పుడు డ్రైవ్ ముందే నిలబడి చూశాను, 16 రాలేదు. 3017 ఎలా ఉందో అలాగే ఉంది, 1లోనే. మేస్త్రీ రేపు వస్తానన్నాడు.

గుణుపురం మిల్లర్

మంచి పని జరిగింది. నాకు ఇప్పుడు ఎలక్ట్రికల్ వాళ్లతో మాట్లాడే ధైర్యం వచ్చింది కాబట్టి మాది కూడా అడుగుతాను. మా ఐడీ ఫ్యాన్‌కి మిత్సుబిషి డ్రైవ్. నడుస్తున్నంతసేపూ బాగుంటుంది. ఆపినప్పుడు మాత్రం వోల్టేజి ఎక్కువైందని ఇ.ఓవీ3 కోడ్ చూపించి ట్రిప్ అవుతుంది. సప్లై వోల్టేజి ఎక్కువ వస్తోందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.

రాయగడ రిటైర్డ్

మిల్లరు గారూ, సప్లై ఎక్కువైతే నడుస్తున్నప్పుడు కూడా రావాలి కదా. చివర ఉన్న ఆ 3 అంటే ఆపేటప్పుడు అని. వేగం పెంచేటప్పుడైతే 1, ఒకే వేగంలో ఉన్నప్పుడైతే 2 వస్తుంది. ఐడీ ఫ్యాన్ చక్రం బరువు మీకు తెలిసిందే. దాన్ని కొన్ని సెకన్లలో ఆపమని డ్రైవ్‌కి చెబితే, ఫ్యాన్ ఊపుకి మోటారే జనరేటర్ అయిపోయి కరెంటు వెనక్కి తోస్తుంది. డ్రైవ్‌లో డీసీ వోల్టేజి 800 దరిదాపులకి పోయి ట్రిప్ అవుతుంది.

మీ ఎలక్ట్రీషియన్‌ని పీఆర్ 8 చూడమనండి, అది ఆగడానికి పట్టే సమయం. ఎంత ఉందో చూసి, ఒక నిమిషం దాకా పెంచుకుంటూ పోండి. ఫ్యాన్ త్వరగా ఆగాల్సిన అవసరం మీకు లేదు కాబట్టి బ్రేక్ రెసిస్టర్ కొనమని ఎవరైనా అంటే వద్దనండి. పీఆర్ 250తో, మెల్లగా వేగం తగ్గించే రాంప్ లేకుండా దానంతట అది ఆగేట్టు వదిలేసినా ఈ కోడ్ రాదు. కాకపోతే అలా వదిలేస్తే చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా నిలవకముందే మీ బాయిలర్ ఆయన మళ్లీ స్టార్ట్ నొక్కితే కరెంటు ఎక్కువైందని ఇ.ఓసీ1 వచ్చే అవకాశం ఉంది. పొగగొట్టం లాగుడుకి ఆగిన ఫ్యాన్ కూడా మెల్లగా తిరుగుతుంటుంది, ఒక్కోసారి వెనక్కి కూడా. తిరుగుతున్న మోటారుని పట్టుకుని స్టార్ట్ చేసే సెట్టింగు పీఆర్ 57, 162లో ఉంటుంది, మాన్యువల్ ముందు పెట్టుకుని చేయమనండి. అంతదాకా నిలిచాకే స్టార్ట్ నొక్కాలని ప్యానెల్ మీద ఒక కాగితం అంటించండి.